పెట్టెలో వచ్చిన తెలుగు

తెలుగు చలనచిత్రానికి చరిత్ర వ్రాసినవారు మద్రాసులో మొదలుపెట్టి హైదరాబాదులో ముగించడం వాడుక. అది చిత్రాలు తీసినవారి చరిత్ర. చూచినవారికి వేరొక చరిత్ర ఉన్నది. అందులోనూ తెలుగునాటికి వెలుపల, చుట్టూ మరొక భాష వినిపించే ఊళ్ళలో కూర్చుండి చూచినవారిది ఇంకొక తీరు. వారికి సినిమా వినోదం మాత్రమే కాదు. తమ భాష నలుగురిలో బిగ్గరగా వినిపించే సందర్భం. గడచిన పాతిక సంవత్సరాలలో డిజిటల్ సాంకేతికం ఆ అభిమానాన్ని ఏమి చేసినదో నా ఊరినుండి చూచి చెప్పడం ఈ వ్యాసోద్దేశం. డిజిటల్ అన్న మాటకు మనవారు రెండు మూడు తెలుగు మాటలు కల్పించినారు గాని అవి జనం నోట నిలువలేదు. కనుక నిలిచిన మాటనే వాడుతున్నాను.

నా ఊరు రాయపూరు; అందులో పండరీ. టోకు బట్టల బజారుకు పేరుపడిన పేట ఇది. చాలాకాలం నగరపు బస్సుల అడ్డా కూడా ఇక్కడనే ఉండేది; 2021లో దానిని భాఠాగావ్‌కు తరలించినారు. జగదల్‌పూరు బస్సు దిగిన బస్తరు మనిషి, బట్టల మూటకు బేరమాడే ఒడియా వర్తకుడు, గద్దెమీద కూర్చున్న సింధీ యజమాని, మూట మోసే ఛత్తీస్‌గఢీ కూలీ, అందరి మాటా ఒక్క సందులో వినవచ్చును. తెలుగు కూడా వినవచ్చును. మనవారు ఇంతదూరం ఎట్లా వచ్చినారన్నదానికి జవాబు రైలుపట్టాలలో ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు విజయనగరం నుండి పార్వతీపురం వరకు వేసిన దారి పొడిగింపబడి, 1931లో రాయపూరు దాకా పూర్తి అయినది. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చినది. దానికి సోవియట్ రష్యాతో ఒప్పందం 1955లో జరిగినది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించినారు. పట్టాలు వేయడానికీ, రైళ్ళు నడపడానికీ, ఉక్కు కరిగించడానికీ, ఇళ్ళు కట్టడానికీ ఉత్తరాంధ్రనుండి వచ్చిన కుటుంబాలు తిరిగి పోలేదు. మా కుటుంబం అట్లా నిలిచిపోయినవాటిలో ఒకటి.

మా ఇంట తెలుగు అక్షరం పాటల పుస్తకం రూపాన ప్రవేశించినది. మా నాన్నగారు విజయనగరం పోయినప్పుడెల్లా పాతవీ కొత్తవీ నాలుగైదు పట్టుకొని వచ్చేవారు. చౌక కాగితం, అట్టమీద నాయికానాయకుల ముఖాలు, లోపల తారాగణం, సాంకేతికవర్గం, ఆపైన సగం చెప్పి ఆపివేసిన కథ. కథ మంచి పట్టుమీద ఉండగా, శేషం వెండితెరపై చూడండని ఒక వాక్యం. ఆ వెండితెర మాకు మూడువందల మైళ్ళ దూరంలో ఉన్నదన్న సంగతి ఆ ముద్రాపకునికి తెలియదు. మేము శేషాన్ని ఊహించుకొనేవారం. తరువాతి పుటలలో పాటలు, ప్రతి పాటకూ పైన రాగమో పాత్రపేరో, క్రింద కవిపేరు. నేను బడిలో చదివినది హిందీ. గుణింతం దిద్దినది అ ఆ ల పుస్తకంలోనే అయినా, చదవడం వచ్చినది మాత్రం సముద్రాల, పింగళి, మల్లాది, కృష్ణశాస్త్రి గార్ల పాటలు కూడబలుకుకొంటూనే. పిమ్మట ఎం.ఏ. తరగతిలో భావకవిత్వం పాఠం చెప్పుతూ ఆచార్యులు కృష్ణశాస్త్రి గారి పేరెత్తగా, ఇంటివారిని పరాయివారు ప్రస్తావించినట్లు తోచినది. "మల్లీశ్వరి" కి మాటలూ పాటలూ వ్రాసినది ఆయనేనని నా తోటివిద్యార్థులకు నేను చెప్పవలసి వచ్చినది.

ఇక చిత్రం వచ్చే విధం. శ్యామ్, రాజ్, ప్రభాత్, బాబూలాల్ మొదలైన రాయపూరు టాకీసులు హిందీ చిత్రాలకు నెలవులు. తెలుగు చిత్రం పడితే ఏదో ఒక హాలులో, ఎప్పుడో ఒక ఆదివారం, ఉదయపు ఆటగా పడేది. నలుగురు పెద్దలు చందా వేసుకొని విశాఖపట్టణంనుండి పెట్టె తెప్పించేవారు. మేము చిత్రం వచ్చినదా అని అడిగేవారం కాదు, పెట్టె వచ్చినదా అని అడిగేవారం. అది మాటవరసకు పెట్టె కాదు. ముప్పయ్యైదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి తొంబై అడుగులు నడుస్తుంది. మూడు గంటల చిత్రానికి పదహారువేల అడుగులకు పైమాట. వెయ్యి అడుగులకు ఒక చుట్ట చొప్పున పదహారు పదిహేడు రేకుడబ్బాలు ఇనుపపెట్టెలలో సర్ది రైలు సామానుబండిలో ఎక్కించేవారు. మనిషి ఎత్తలేని బరువు. అది రైలు తప్పితే ఆట లేదు. వచ్చినా, అంతకు ముందు ఎన్నో ఊళ్ళు తిరిగి గీతలుపడి, తెగి, అతుకులతో వచ్చేది. తెరమీద నిత్యమూ వాన కురుస్తూ ఉండేది. ఒకమారు ప్రొజెక్టరు గదిలోని ఆపరేటరు, పాపం తెలుగు రానివాడు, అయిదవ చుట్టకు బదులు ఏడవది ఎక్కించినాడు. చచ్చిపోయిన తండ్రి లేచి వచ్చి పెళ్ళిమాటలు ఆడుతుంటే హాలంతా ఒక్కసారిగా గోలపెట్టినది. చిత్రం ఆగినది, సరియైన చుట్ట దొరికేదాకా పావుగంట పట్టినది. ఆ పావుగంటసేపు, హిందీ నగరం నడిబొడ్డున, నాలుగువందలమంది తెలుగులో మాట్లాడుకొన్నారు. ఆనాడు చూచిన చిత్రం కథ నాకు సరిగా గుర్తులేదు, ఆ చప్పుడు మాత్రం గుర్తున్నది.

ఆ ఫిల్ముముక్కను వెలుతురుకు ఎత్తిపట్టి చూచినవారికి ఒక సంగతి తెలుసు. బొమ్మల వరుసకు ప్రక్కన, అంచురంధ్రాలకు ఇవతల, సన్నని గీత అలలు అలలుగా పోతూ ఉంటుంది. అది ధ్వని. దీపపు కాంతి దానిలోనుండి పోయి, హెచ్చుతగ్గులై, విద్యుత్తుగా మారి, తిరిగి మాటగా వినిపిస్తుంది. బొమ్మకు సరిగా ఎదురుగా ఉన్న ధ్వని ఆ బొమ్మది కాదు. యంత్రంలో ధ్వనిని చదివే చోటు వేరు కనుక సుమారు ఇరవై బొమ్మల ఎడంతో ముద్రించేవారు. ఎడం ఎంత ఉన్నా ఆ రెండూ ఒక్క పట్టీమీద ఉన్నవి. ప్రేక్షకునికి చేరే ప్రతిలో బొమ్మనుండి మాటను విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు. రాయపూరుకు వచ్చిన పెట్టెలో నాగేశ్వరరావు గారి ముఖం ఉన్నదంటే ఆ ముఖానికి అంటుకొని తెలుగు ఉన్నదన్నమాటే. చూడదలచినవాడు వినక తప్పదు. మా వంటివారి సినిమా అభిమానానికీ భాషాభిమానానికీ ఉన్న ముడి ఆ పట్టీమీద పడినది. అది మనసులో పడిన ముడి అనుకొన్నాం. కొంతవరకు అది రసాయన సంబంధమైన ముడి అని తరువాత తెలియవచ్చినది.

పాశ్చాత్యదేశాలలో ఈ విషయమై విచారించినవారు వేరొక మార్గాన పోయినారు. అమెరికా రచయిత్రి సూసన్ సాంటాగ్ 1996లో ఒక వ్యాసం వ్రాసి, సినిమా మీద ఉండే ఒక విధమైన ప్రేమ అంతరించిపోతున్నదని వాపోయినారు. చీకటిలో, అపరిచితుల మధ్య, తనకంటె ఎంతో పెద్దదైన బొమ్మకు లొంగిపోవడమే సినిమాకు పోవడమనీ, ఇంట్లో చిన్నపెట్టెలో చూస్తే అది చూచినట్లు కాదనీ ఆమె అభిప్రాయం. అది నిజమే కావచ్చు. అయితే ఆమె ప్రేమించినది ప్రధానంగా బొమ్మను. పారిస్ చిత్రమైనా జపాన్ చిత్రమైనా క్రింద అక్షరాలు చదువుకొంటూ చూచినవారి ప్రేమ అది. మా ప్రేమ చెవిలోనుండి పోయినది. కనుక మాకు కలిగిన నష్టాన్ని ఆ కొలతతో కొలువరాదు, లాభాన్ని కూడా.

బొమ్మనూ మాటనూ విడదీసే ప్రయత్నం డిజిటల్‌తో మొదలు కాలేదు. ప్రతి తయారయ్యేముందు, నెగటివు దశలో అవి రెండూ వేరువేరుగానే ఉంటవి. అక్కడ ఒక భాష తీసి మరొకటి పెట్టవచ్చును. తెలుగులో ఆ పని మొదట చేసినది 1950లో వచ్చిన "ఆహుతి". "నీరా ఔర్ నందా" అన్న హిందీ చిత్రానికి అది అనువాదం. మాటలూ పాటలూ శ్రీశ్రీ గారివి. "మహాప్రస్థానం" గ్రంథరూపాన వెలువడిన సంవత్సరమే ఆ కవి, హిందీ పెదవులు మూసికొన్నచోట తెలుగు ఓష్ఠ్యం పడేటట్లు మాటలు వెదకుకొంటూ కూర్చున్నాడన్నమాట. దీనిని కొందరు ఆయనకు జరిగిన అన్యాయంగా చెప్పుతారు. నేనట్లా అనుకోను. అనువాదకునికి ఛందస్సు ఒక కట్టుబాటు, పెదవులు మరొక కట్టుబాటు. రెండూ మాటను వెదకించేవే. ఒక్కటి మాత్రం గమనింపవలెను. ఆనాటి విడదీత ఒక్క దిక్కుగా సాగేది. ఒకమారు తెలుగు అతికించిన ప్రతి తెలుగు ప్రతియే, దానిని ఎక్కడ చూపినా తెలుగే పలికేది.

ఒకే బొమ్మకు ఏకకాలంలో రెండు భాషలు తగిలించడం మన గ్రామాలకు ఆకాశంనుండి వచ్చినది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికావారి ఉపగ్రహం సాయంతో మన దేశం 2,400 గ్రామాలకు దూరదర్శనం చూపిన ప్రయోగం పాఠకులలో పెద్దలకు జ్ఞాపకం ఉండవచ్చు. ఆరు రాష్ట్రాలలో ఎంచుకొన్న ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినది ఒకటి, ఆనాటి మధ్యప్రదేశ్‌లోని మా రాయపూరు ప్రాంతం ఒకటి. ఆ ఉపగ్రహంలో ఒక బొమ్మతోపాటు రెండు ధ్వనిమార్గాలు ఉండేవి. అందువల్ల ఆంధ్ర, కర్ణాటక గ్రామాలకు ఒకే దృశ్యం పంపి, ఒకచోట తెలుగూ మరొకచోట కన్నడమూ వినిపింపగలిగినారు. రైతు ఒక్కడే, అతడు దున్నే మడి ఒక్కటే, మాట మాత్రం రెండు. వ్యవసాయం నేర్పడానికి చేసిన ఈ ఏర్పాటు సినిమాను ఏమి చేయగలదో అప్పుడెవరికి తట్టినదో నాకు తెలియదు.

తరువాతి పాతిక సంవత్సరాలను త్వరగా దాటవచ్చును. 1980లలో దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయభాషాచిత్రాలను ఇంగ్లీషు ఉపశీర్షికలతో వేసేది. తెలుగు వంతు వచ్చిన ఆదివారం మా వీధిలో ఉన్న ఒక్క టెలివిజను ముందు పెళ్ళిపందిరి అంత జనం. వీడియో కాసెట్లు వచ్చినవి, పెట్టె బరువు తగ్గి సంచిలో పట్టినది. 1995లో తెలుగు ఉపగ్రహచానళ్ళు వచ్చినవి. ఆ దశకం చివరకు రెండు బిళ్ళల మీద ఒక చిత్రం పట్టే వీ.సీ.డీ.లు పండరీ బస్సు అడ్డాలోనే దొరకజొచ్చినవి. డిజిటల్ అన్నది మా పేటలో మొదట అడుగుపెట్టినది ఆ నకిలీ బిళ్ళల రూపంలోనే. వీటన్నిటిలో బొమ్మ చిన్నదైనది, జనం చెదరినారు. అయినా తెలుగు చిత్రం తెలుగే మాట్లాడినది.

మూలం కదలినది ఆపైన. హాలీవుడ్డు సంస్థలు 2005లో డిజిటల్ సినిమాకు ఒక ప్రమాణం నిర్ణయించినవి. ఇంచుమించు అదే కాలంలో మన దేశంలో చెన్నైవారి క్యూబ్, ముంబయివారి యూఎఫ్ఓ వంటి ఏర్పాట్లు టాకీసులలోకి ప్రవేశించినవి. కొడాక్ సంస్థ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరినది. 2013లో ఫ్యూజీ సంస్థ చిత్రీకరణ ఫిల్ము తయారీ మానివేసినది. ఇనుపపెట్టె స్థానంలో అరచేతిలో పట్టే హార్డ్ డిస్క్ వచ్చినది, అదీ పోయి ఉపగ్రహంనుండి నేరుగా దిగసాగినది. ఖర్చు తగ్గినదనీ, గీతలు లేని బొమ్మ వచ్చినదనీ, పల్లెటూరి హాలులోనూ నగరంతోపాటే మొదటిరోజు ఆట పడినదనీ అందరూ చెప్పుతారు. అవన్నీ నిజాలే. నా దృష్టికి ముఖ్యమైనది ఆ డిస్క్ లోపలి అమరిక. అందులో బొమ్మ ఒక ఫైలు. ధ్వని వేరొక ఫైలు. ఉపశీర్షికలు మూడవది. ఏ బొమ్మతో ఏ ధ్వనిని కలిపి చూపవలెనో చెప్పే చిన్న జాబితా ఒకటి విడిగా ఉంటుంది. జాబితాలో ఒక్క పంక్తి మార్చితే అదే బొమ్మ హిందీ పలుకుతుంది, తమిళం పలుకుతుంది. మా ఫిల్ముపట్టీ మీది ముడి విడిపోయినది.

విడిపోయినందువల్ల ఏమి జరిగినదో పండరీలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా తెలుస్తుంది. నా చిన్నతనంలో ఇక్కడి హిందీవారికి ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయిన తరువాత తెలిసినారు. నేడు ఇరవై ఏళ్ళ ఛత్తీస్‌గఢీ కుర్రవానికి మన కథానాయకుల వంశవృక్షాలు కంఠస్థం. మొదట హిందీ చానళ్ళలో, తరువాత యూట్యూబులో, హిందీ మాటలు తగిలించుకొన్న తెలుగు చిత్రాలను కోట్లమంది చూచినారు. "సరైనోడు" వంటివి అట్లా చూడబడినవే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయిన తరువాత బట్టల మూటమీద కూర్చున్న కూలీ చేతిలోనూ తెలుగు చిత్రమే. "బాహుబలి" రెండు భాగాలు, 2021 డిసెంబరులో "పుష్ప", ఇవి ఇక్కడ పెద్ద హిందీ చిత్రాలతో సమానంగా ఆడినవి. తెలుగువాడనని చెప్పుకొంటే దుకాణదారు ఒక కుర్చీ చూపుతున్నాడు. ఇది కాదనరాని గౌరవం. అయితే ఆ దుకాణదారు తెలుగు చిత్రం ఒక్కటైనా తెలుగులో విన్నవాడు కాడు.

1980లో "శంకరాభరణం" తమిళనాడులోనూ కర్ణాటకలోనూ తెలుగులోనే ఆడినది. అర్థం తెలియనివారు వేటూరి వారి మాటలను నాదంగా విన్నారు. ఆ వినికిడిలో మన భాషకు కొంత చోటు దక్కినది. 2022 మార్చి 25న విడుదలైన "ఆర్ఆర్ఆర్" సంగతి చూడండి. మే నెలలో అది ఇంటి తెరలకు వచ్చినప్పుడు తెలుగు ప్రతి ఒక సంస్థకూ, హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్స్‌కూ పోయినవి. ప్రపంచమంతటా వ్యాపించినది రెండవది. కనుక అమెరికాలో, ఐరోపాలో ఇంట కూర్చుండి ఆ చిత్రాన్ని మెచ్చుకొన్నవారిలో ఎక్కువమంది తెలుగు చిత్రాన్ని హిందీలో విని మెచ్చుకొన్నారు. చంద్రబోస్ గారి "నాటు నాటు" వారి చెవిలో మొదట పడినది హిందీ రూపంలోనే. 2023 మార్చిలో ఆస్కార్ వేదికమీద దానిని తెలుగులో పాడినారు, బహుమతి తెలుగు పాటకే వచ్చినది. ఆ రాత్రి ప్రపంచం తాను అదివరకే ప్రేమించిన పాట అసలు గొంతును విన్నది. ప్రవాసాంధ్రులమైన మేము పండరీలో అనుభవిస్తున్న స్థితి అంతర్జాతీయస్థాయికి ఎదిగినదని అప్పుడు నాకు తోచినది.

ఇంతవరకు ఇరుగుపొరుగుల మాట. మా ఇంటిలో జరిగినది చెప్పడం కష్టం. మా మేనకోడలి కుమారుడు పదేళ్ళవాడు. సినిమా అంటే వానికి ప్రాణం; తెలుగు కథానాయకులంటే మరీ. ఒకనాడు నా ప్రక్కన కూర్చుండి చిత్రం పెట్టి, తెరమీద భాషల పట్టిక రాగా హిందీని ఎంచుకొన్నాడు. తెలుగు పట్టికలో మొదటనే ఉన్నది. ఏమిరా అని అడిగితే, "తాతయ్యా, అందులో వాళ్ళు చాలా తొందరగా మాట్లాడుతారు" అన్నాడు, అదీ హిందీలో. తల్లి సర్దిచెప్పబోయినది, నేనే వద్దన్నాను. మా నాన్నగారు పెట్టెకోసం స్టేషనులో రాత్రి జాగరణ చేసినారు. వీనికి మన చిత్రాలలో కావలసినవన్నీ ఏ క్షణాన కావలెనంటే ఆ క్షణాన అందుతున్నవి. నాకు ఎంపిక లేదు కనుక తెలుగు విన్నాను. వీనికి ఎంపిక ఉన్నది. బలవంతాన విన్నదానిని ప్రేమ అనవచ్చునా అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. కాని ఆ బలవంతంలోనుండి నాకు కృష్ణశాస్త్రి దొరికినాడు.

విడదీయగల వస్తువులలో మొదట పోయేది మాట అనడానికి మరొక దృష్టాంతం ఉన్నది. కె.వి. రెడ్డి గారి "మాయాబజార్" 1957లో నలుపు తెలుపులలో వచ్చినది. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు గారివి, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే గారిది. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు దానికి కంప్యూటరు సాయంతో రంగులు వేసి, ధ్వనిని శుభ్రపరచి 2010 జనవరి 30న విడుదల చేసినారు. బొమ్మ బొమ్మకూ రంగు వేయడం సామాన్యమైన శ్రమ కాదు, దానిని తేలికగా తీసివేయను. బార్ట్‌లే గారు నలుపు తెలుపులలోనే ఇచ్చిన వెన్నెలకు ఇంకా రంగెందుకని అడిగేవారితో నేను ఏకీభవిస్తాను గాని, అది అభిరుచికి సంబంధించిన మాట. నన్ను బాధించినది వేరు. ఆ క్రొత్త ప్రతిలో కొన్ని పాటలూ, పద్యాలలో చాలాభాగమూ లేవు. ప్రతినాణ్యతకోసం వదలినామన్నారు. నాటకరంగంనుండి పద్యం తెలుగు తెరకు నడచివచ్చిన దారి అంతా ఆ పద్యాలలో ఉన్నది. చీరకు జరీ పెట్టి కొంగు కోసినట్లయినది. చూచిన పిల్లలకు ఆ పద్యాలు ఉండేవని కూడా తెలియదు.

కవిపేరు సంగతీ అంతే. రెండణాల పాటల పుస్తకం ప్రతి పాట క్రింద కవిని స్మరించినది. లక్షల పాటలున్న నేటి ఫోను దుకాణాలలో గాయకుని పేరు ఉంటుంది, సంగీతదర్శకుని పేరు ఉంటుంది, నటుని బొమ్మ ఉంటుంది. వ్రాసినవాని పేరు చాలచోట్ల ఉండదు. ఉన్నా మూడు మెట్లు దిగి వెదకవలెను. వ్రాతగాళ్ళమైన మనం ఈ విషయం ఇంకా పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

ఇన్ని చెప్పినా, పెట్టె తిరిగి రావలెనని కోరేవాడను కాను. పెట్టె కాలంలో మనం ఏమి పోగొట్టుకొన్నామో మరువరాదు. రఘుపతి వెంకయ్య నాయుడు గారూ ప్రకాష్ గారూ 1921లో తీసిన "భీష్మప్రతిజ్ఞ" లేదు. తొలి పూర్తి తెలుగు టాకీ "భక్తప్రహ్లాద" 1932లో వచ్చినది; అదీ లేదు. నైట్రేటు ఫిల్ము నిప్పుకు ప్రాణం ఇచ్చినట్లు కాలేది. కాలనివి వెండికోసం కరిగింపబడినవి. మిగిలినవి గిడ్డంగులలో ఉప్పుగాలికి అంటుకొనిపోయినవి. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో గాని ఏర్పడలేదు. నేడు నేను పండరీలో నా గదిలో అర్ధరాత్రి కూర్చుండి "మల్లీశ్వరి" ని ఆపి, వెనుకకు త్రిప్పి, ఒక మాట విరుపును నాలుగుసార్లు వినవచ్చును. మా నాన్నగారికి ఆ భాగ్యం లేదు. 2024 సెప్టెంబరులో నాగేశ్వరరావు గారి శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు ఆయన చిత్రాలు పదింటిని దేశంలోని 25 నగరాలలో పెద్ద తెరలమీద వేసినారు. "దేవదాసు", "మిస్సమ్మ" వంటివి ఏకకాలంలో అన్ని ఊళ్ళకు ఫిల్ముపెట్టెలలో పంపడం ఎన్నటికీ సాధ్యమయ్యేది కాదు. అయితే డిజిటల్ ప్రతి చిరంజీవి అనుకోవడం భ్రమ. అమెరికా చలనచిత్ర అకాడమీ 2007లో లెక్క వేసి, ఒక చిత్రపు డిజిటల్ మూలప్రతిని భద్రపరచడానికి ఫిల్ముకంటె పదకొండు రెట్లు ఖర్చవుతుందని తేల్చినది. డిస్క్‌లు చెడుతవి, యంత్రాలు మారుతవి, ప్రతి కొన్నేళ్ళకూ మరొకదానిలోకి ఎత్తిపోయవలెను. ఎత్తిపోసేవాడు మరచినచోట మన ప్రహ్లాదుని గతే.

మా పొరుగుభాష చరిత్రతో పోల్చుకొంటే మన అదృష్టం తెలుస్తుంది. ఛత్తీస్‌గఢీలో మొదటి చిత్రం "కహీ దేబే సందేశ్" ను మను నాయక్ గారు 1965లో తీసినారు. 1971లో "ఘర్ ద్వార్" వచ్చినది. ఆపైన రాష్ట్రం ఏర్పడిన 2000 సంవత్సరంలో "మోర్ ఛయిహా భుయియా" వచ్చి జనాన్ని ఊపేదాకా దాదాపు మూడు దశాబ్దాల మౌనం. సొంత గడ్డమీద ఉన్నవారు తమ మాట తెరమీద వినక ఒక తరం గడిపినారు. పరాయిగడ్డ మీద ఉన్న మాకు విశాఖనుండి పెట్టె వచ్చేది.

నేను వృత్తిచేత అనువాదకుడను కనుక ఉపశీర్షికల గురించి ఒక మాట చెప్పి విరమిస్తాను. విడిగా ఉన్న ఆ మూడవ ఫైలు మీద నాకు ఆశ ఉన్నది. ధ్వనిని మార్చకుండా అర్థం ఇచ్చేది అదొక్కటే. రెండు పంక్తులు, పంక్తికి నలుబది అక్షరాలకు మించకుండా, చదువరి కన్ను బొమ్మమీదికి తిరిగి పోయే వ్యవధి మిగిల్చి చెప్పవలెను. పద్యానువాదానికి ఏమాత్రం తీసిపోని కట్టుబాటు. మనం ఒక నవలను హిందీలోకి అనువదించి వెయ్యి ప్రతులు వేస్తే సంతోషిస్తాము. ఒక చిత్రపు ఉపశీర్షికలు ఒక్క రాత్రిలో లక్షలమంది చదువుతారు, వ్రాసినవాని పేరు ఎవరికీ తెలియదు. చాలా చిత్రాలలో అవి తెలుగునుండి గాక హిందీ ప్రతినుండి చేసినట్లు కనిపిస్తవి. "బావ" అన్న మాటను అన్న అని వ్రాసి ఒక ప్రేమకథను అసహ్యం చేసిన ఉపశీర్షిక నేను చూచినాను. "ఏమండీ" కి ఒకచోట "హలో" అని ఉన్నది. ఇంతకాలం ఈ పనిని మన సాహిత్యసంస్థలు అనువాదంగా ఎంచలేదు.

పండరీ బజారులో నేను తరచుగా పోయే బట్టల దుకాణంలో ఒక కుర్రవాడు పనిచేస్తున్నాడు, మహాసముంద్ వైపు పల్లెవాడు. ఆస్కార్ వచ్చిన మరుసటి వారం నన్ను చూచి, "కకా, మీ భాషలో నాటు అంటే ఏమి?" అని అడిగినాడు. అతడు ఆ పాటను హిందీలో నూరుసార్లు విన్నాడు. వేదికమీద పాడినది వేరుగా వినిపించినదట. నేను చెప్పబూనినాను. నాటుకోడి అన్నాను, నాటువైద్యుడు అన్నాను, మొరటుతనం అనీ, ఊరిదనీ, కల్తీ లేనిదనీ, నారు నాటడం కూడా అదే మాటతో చెప్పుతామనీ అన్నాను. గజంబద్ద చేతిలో పట్టుకొని విన్నాడు. విని, "అయితే థేఠ్" అన్నాడు. నిఘంటువులన్నీ తిరగవేసినా నాకు తోచని మాట. "థేఠ్ థేఠ్ అని పాడి చూడు" అన్నాను. పాడి, అది కాలికి అడ్డు తగులుతున్నదని తానే నవ్వినాడు. ఆ మాటను మా అక్షరాలలో వ్రాసి ఇమ్మని ఒక రసీదు కాగితం వెనుకవైపు త్రిప్పి ముందు పెట్టినాడు. వ్రాసినాను. దానిని వెలుతురుకు పట్టి చూచి, రెండవ అక్షరం ప్రక్కన ఈ కొక్కెం ఏమిటని అడిగినాడు. కొమ్ము అని చెప్పినాను.